ఈడనే ఉన్నం: మన అవ్వల వరుస

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు మన బడి వేపచెట్టు గురించో, లెక్కల సారు బెత్తం గురించో రాద్దామనుకున్నాను. వాటి గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ని కాబట్టి నేను ఒక చరిత్ర పాఠమే రాస్తున్నాను. ఈ పాఠం నేను విన్నది మన బడిలోనే, ఎనిమిదో తరగతిలో. చెప్పింది సారు కాదు, నా బెంచీలో కూర్చున్న ఒక పిల్లవాడు. అది అర్థం కావడానికి నాకు నలభై ఏళ్లు పైనే పట్టింది.

మన బడి ఉన్న చోటు మీకు తెలియనిది కాదు. డిండి వాగుకు ఇటు నల్లగొండ, అటు పాలమూరు. రెండు జిల్లాల పిల్లలమూ ఒకే గదిలో కూర్చునేవాళ్లం. ఒకరోజు సోషల్ సారు పుస్తకం మూసేసి, "మీ తాతముత్తాతలు యాడికెల్లి వచ్చిండ్రో ఒక్కొక్కరు లేచి చెప్పుండ్రి" అన్నారు. ఒకడు ఓరుగల్లు అన్నాడు. ఒకడు కృష్ణ దాటి కర్నూలు దిక్కు నుంచి వచ్చామన్నాడు. నేను మా నాయిన చెప్పిన మాట గుర్తు చేసుకుని, దేవరకొండ కోట ఏలిన పద్మనాయకుల కాలంలో వచ్చామని ఛాతీ విరిచి చెప్పాను. నా పక్కవాడి వంతు వచ్చింది. మన్ననూరు పైన అడవిలోని ఒక చెంచు పెంట నుంచి వచ్చి, హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న పిల్లవాడు. లేచి నిలబడి, "మేం యాడికెల్లీ రాలే సార్, ఈడనే ఉన్నం" అన్నాడు.

తరగతి గది పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి వాడికి "ఈడనే" అని పేరు పడింది. సెలవులకు ఇంటికి పోయి వస్తే మాకు తునికి పండ్లు, మొర్రి పండ్లు తెచ్చిపెట్టేవాడు. అవి తింటూనే ఆ పేరుతో పిలిచేవాళ్లం. దసరా సెలవులకు పోయినవాడు మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదని ఆ రోజుల్లో మాలో ఎవరమూ అడగలేదు.

ఇక రెండో సంగతి. మూడేళ్ల కిందట అమెరికాలో ఉన్న మా అమ్మాయి సరదాగా ఒక పరీక్ష చేయించుకుంది. చిన్న గొట్టంలో ఉమ్మి నింపి పంపితే, డీఎన్ఏ చూసి మన పూర్వీకుల జాడ చెప్పే పరీక్ష అది. వచ్చిన రిపోర్టు నాకు పంపించి, "నాన్నా, మన తల్లి వరుస ఎం2 అట. చాలా పాతదట" అంది. నేను సంబరపడి, అదేదో మా ఇంటిపేరుకే వచ్చిన గౌరవమన్నట్టు నలుగురికీ చెప్పుకున్నాను. నా భార్య వంటింట్లోంచి నవ్వింది. "గది మా అవ్వ దిక్కు నుంచి వచ్చింది బావా. దాంట్ల నీదేమున్నది?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకో తెలియాలంటే మనం మన సైన్సు సారు దగ్గరికి ఒకసారి వెళ్లి రావాలి. కణం బొమ్మ గీయించి, మధ్యలో కేంద్రకాన్ని, చుట్టూ చిక్కుడుగింజల్లాంటి మైటోకాండ్రియాలను గుర్తించమనేవారు. "కణ శక్త్యాగారాలు" అని వాటికి పేరు రాయకపోతే అర మార్కు పోయేది. ఆ సారు మనకు చెప్పని విషయం ఒకటుంది. అప్పటికి పాఠ్యపుస్తకాల్లో రాలేదు కాబట్టి చెప్పలేదు. కేంద్రకంలోని డీఎన్ఏ సగం తల్లిది, సగం తండ్రిది. తరతరానికీ పేకముక్కల్లా కలిసిపోతుంటుంది. మైటోకాండ్రియాలకు మాత్రం సొంతంగా ఒక చిన్న డీఎన్ఏ ఉంది. 16,569 అక్షరాల పొడవున్న గుండ్రని దారం, అందులో 37 జన్యువులు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 1981లో దాన్ని మొదటిసారి పూర్తిగా చదివారు. ఈ దారం తల్లి అండం ద్వారానే బిడ్డకు వస్తుంది. తండ్రి శుక్రకణంలోని మైటోకాండ్రియాలు పిండంలో నిలవవు. కొడుకులకూ కూతుళ్లకూ అందరికీ తల్లి దారమే అందుతుంది. దాన్ని ముందు తరానికి ఇవ్వగలిగేది మాత్రం కూతురే. కొడుకు దగ్గర అది ఆగిపోతుంది.

ఈ దారాన్ని నకలు చేసేటప్పుడు ఎన్నో వేల ఏళ్లకొకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు ఆ తల్లి సంతానమంతటికీ గుర్తుగా మిగిలిపోతుంది. పాత తాళపత్ర గ్రంథాల్లో ఒకే తప్పున్న ప్రతులన్నీ ఒకే మూలప్రతి నుంచి వచ్చాయని పండితులు తేలుస్తారు కదా, ఇదీ అలాంటిదే. ఆ తప్పులను పోల్చి మనుషులను తల్లుల కొమ్మలుగా విడదీస్తారు. 1987లో అమెరికాలోని బర్క్‌లీలో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ వివిధ ఖండాల మూలాలున్న 147 మంది దారాలను పోల్చారు. వాళ్లు వాడిన నమూనాలు ఎక్కువగా ప్రసవాల తర్వాత పారవేసే మావి నుంచి తీసుకున్నవే. ఆ కొమ్మలన్నీ వెనక్కి వెళ్లి ఆఫ్రికాలోని ఒకే తల్లి దగ్గర కలిశాయి. ఆ కాలంలో ఆమె ఒక్కతే స్త్రీ అని కాదు. మిగతా స్త్రీల వరుసలు ఎక్కడో ఒకచోట కూతుళ్లు లేక ఆగిపోయాయి, ఆమె వరుస ఆగలేదు, అంతే.

ఆఫ్రికాలో ఎల్3 అనే కొమ్మ ఉంది. దాని నుంచి పుట్టిన రెండు కొమ్మలు, ఎం, ఎన్ అనేవి, సుమారు 60–70 వేల ఏళ్ల కిందట ఆఫ్రికా దాటిన చిన్న గుంపు సంతానంలో మిగతా ప్రపంచమంతా వ్యాపించాయి. మన దేశంలో సగానికి పైగా మనుషులది ఎం కొమ్మ. మిగతావారిలో చాలామంది ఎన్ కొమ్మ సంతానమైన ఆర్, యు కొమ్మలవారు. ఎం కొమ్మకు మన దేశంలో ఉన్నన్ని పాత రెమ్మలు మరెక్కడా అంతగా కనిపించవు. ఎం2, ఎం3, ఎం4, ఎం5, ఎం6 ఇలా చాలా రెమ్మలు ఇక్కడే పుట్టి పెరిగినవి. వీటిలో ఎం2 బాగా పాతది, సుమారు 50 వేల ఏళ్లదని అంచనా. దక్షిణాదిన, ఆదివాసుల్లో ఎక్కువగా కనిపిస్తుంది, కులాల్లోనూ ఉంది.

ఎం కొమ్మ ఇక్కడితో ఆగలేదు. అండమాన్ ఆదివాసుల ఎం31, ఎం32 రెమ్మలను హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2005లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. ఆస్ట్రేలియా మూలవాసుల్లో ఎం42 ఉంది. చైనా, జపాన్ జనంలోనూ, మంచుదారులు దాటి అమెరికా చేరిన మూలవాసుల సి, డి కొమ్మల్లోనూ ఉన్నది ఈ ఎం తల్లి సంతానమే. చాలా తర్వాతి కాలంలో మన దేశం నుంచి బయల్దేరి యూరప్ చేరిన రోమా సంచార ప్రజల్లో ఇప్పటికీ భారతదేశపు ఎం రెమ్మలు దొరుకుతున్నాయి. భాష మారింది, దేశం మారింది, మతం మారింది. తల్లి దారం మాత్రం మారలేదు.

మళ్లీ మా ఇంటికి వస్తాను. మా అమ్మాయి దారం నా భార్యది, నాది కాదు. నాలో ఉన్నది మా అవ్వ దారం, అది నాతోనే ముగుస్తుంది. కానీ నా భార్య మా మేనత్త కూతురు. మేనత్త మా నాయినకు చెల్లెలు. ఆమెకు ఆ దారం ఇచ్చింది మా నాయినమ్మ. అంటే మా నాయినమ్మ దారం మా నాయిన దగ్గర ఆగిపోయినా, మేనత్తతో పాటు అత్తారింటికి వెళ్లి, ఆమె కూతురు కోడలై వచ్చినప్పుడు మళ్లీ మా గడప దాటి లోపలికి వచ్చింది. అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్లలో ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. అక్కడ తండ్రిలోనూ బిడ్డల్లోనూ ఒకే దారం ఉంటుంది. దగ్గరి సంబంధాల్లో జబ్బులు వచ్చే ప్రమాదం ఎక్కువని డాక్టర్లు చెప్పేది నిజమే, నేను మేనరికాన్ని పొగడటం లేదు. మన పెళ్లిళ్ల పద్ధతి ఈ దారాన్ని ఎలా తిప్పి తెస్తుందో చెబుతున్నాను.

రిపోర్టు వచ్చాక నాకో ఆశ పుట్టింది. ఈ వరుసలో ఎంతమంది పేర్లు చెప్పగలనో చూద్దామని కాగితం తీసుకున్నాను. కూతురు, భార్య, మేనత్త, నాయినమ్మ. నాలుగు పేర్లు రాశాక పెన్ను ఆగిపోయింది. నాయినమ్మ తల్లి పేరేంటి? తొంభై ఏళ్లు దాటిన మేనత్తను అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. "అందరు ముసలమ్మ అనేటోళ్లు బిడ్డా. పేరు యాదిలేదు" అంది. తన సొంత అమ్మమ్మ పేరు!

తండ్రి వైపు అయితే నేను ఏడు తరాలు చెప్పగలను. మా చిన్నప్పుడు వంశావళి చెప్పేవాళ్లు పంటల కాలంలో ఊరికి వచ్చి, అరుగు మీద కూర్చుని గొంతెత్తి చెప్పేవారు. ఆ వరుసలో అందరూ మగవాళ్లే. పహాణీల్లో మగవాళ్లే. పట్టాదారు పాసుపుస్తకాల్లో మగవాళ్లే. మన బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నది "తండ్రి పేరు" గడి ఒక్కటే. 50 వేల ఏళ్లకు తరానికి 25 ఏళ్ల చొప్పున లెక్క వేస్తే, ఆ ఎం2 తల్లికీ మా అమ్మాయికీ మధ్య రెండు వేల మంది అవ్వలు. మీటరుకొకరు నిలబడితే రెండు కిలోమీటర్ల వరుస. అందులో నాకు తెలిసింది నలుగురు.

తల్లి పేరుతో మనిషిని చెప్పడం ఈ నేలకు కొత్తేమీ కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని శాతవాహనులు తమ పేర్ల ముందు తల్లిని నిలబెట్టుకున్నారు. మన నల్లగొండ అంచున, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిన విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజులూ అంతే. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. ఆ లోయలో స్తూపాలకూ విహారాలకూ దానాలిచ్చిన శాసనాల్లో రాణుల పేర్లు, రాజకుటుంబపు స్త్రీల పేర్లు వరసగా కనిపిస్తాయి. అయితే సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. తల్లి పేరు గోత్రానికి గుర్తు మాత్రమే. అయినా రాయి మీద చెక్కారు. మనం కాగితం మీద కూడా రాయలేదు.

అంతకు ముందటి కాలానికి రాతలు లేవు, రాళ్లే ఉన్నాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు వేల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. మన ఊళ్ల చుట్టూ పశువులు కాసేవాళ్లు "రాక్షస గుళ్లు" అని చూపించే రాతి సమాధులు ఉన్నాయి. నది దాటి కర్నూలు వైపు వెళ్తే జ్వాలాపురం. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరొచ్చిన బూడిద అక్కడి మట్టిలో పొరగా ఉంది. ఆ పొర కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. వాటిని చేసినవాళ్లు మనలాంటి మనుషులేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. మన ఎండలకు పాత ఎముకల్లో డీఎన్ఏ నిలవడం కష్టం. హర్యానాలోని రాఖీగఢీ సింధు నాగరికత శ్మశానంలో అరవైకి పైగా నమూనాలు పరీక్షిస్తే, చదవగలిగినది ఒక్క స్త్రీ డీఎన్ఏ మాత్రమే. 2019లో ఆ ఫలితం ప్రచురించారు. ఆమె తల్లి వరుస యు2బి2. ఆ వరుస ఇప్పటికీ మన దేశంలో బతికే ఉంది. ఎముకలు చెప్పలేని చోట బతికున్నవాళ్ల రక్తమే మనకు దస్తావేజు.

ఇప్పుడు మా బెంచీ పిల్లవాడి దగ్గరికి వస్తాను. చెంచుల గురించి మొదట పెద్ద పుస్తకం రాసినవాడు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు. నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ గుట్టల మీద వాళ్ల మధ్య ఉండి 1943లో దాన్ని వెలువరించాడు. దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికే వాళ్ల జీవనాన్ని అందులో చూపించాడు. వాళ్ల మాట మన తెలుగే. అరవై ఏళ్ల తర్వాత, 2003లో, టూమాస్ కివిసిల్డ్ బృందం చెంచుల, కోయల డీఎన్ఏను దేశంలోని ఆరు కులాలవారి డీఎన్ఏతో పోల్చి, అమెరికన్ మానవ జన్యుశాస్త్ర పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. దాని సారాంశం నేను తరగతి గదిలో చెప్పే పద్ధతిలో చెబుతాను.

చెంచుల తల్లి వరుసలకు వేరే చెట్టేమీ లేదు. భారతదేశానికే ప్రత్యేకమైన ఎం, ఎన్ కొమ్మల రెమ్మల్లోనే వాళ్లున్నారు. అవే రెమ్మల్లో దేశమంతటా పై కులాలు, కింది కులాలు అని మనం పేరు పెట్టుకున్న అందరూ ఉన్నారు. ఈ రెమ్మల వయసు పదుల వేల ఏళ్లు. తర్వాత ఎందరు వచ్చినా, ఆ మొదటి తల్లుల సంతానం తుడిచిపెట్టుకుపోలేదు. తండ్రి వైపు కూడా ఒక ముచ్చట ఉంది. ఉత్తరాది నుంచి వచ్చిన ఆర్యులకు గుర్తని అంతకు ముందు చాలామంది అనుకున్న ఆర్1ఎ అనే పురుష వరుస, చెంచు మగవాళ్లలో 26 శాతం మందిలో కనిపించింది. అడవిలో ఉన్నా ఎవరూ గాజుసీసాలో మూత పెట్టుకుని లేరు.

మన కులాల సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ కులాల మీద మైకేల్ బాంషాద్ బృందం 1998లో నేచర్ పత్రికలో రాసిన వ్యాసం ప్రకారం, ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు తల్లుల వరుసలు దాటాయి, తండ్రుల వరుసలు అలా దాటలేదు. అంటే కులం గోడలో తలుపు ఉన్నంత వరకు దాన్ని దాటింది ఆడవాళ్లే. 2013లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన లెక్కలో, దేశంలోని భిన్న జనాలు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు విస్తారంగా కలిశాయనీ, ఆ తర్వాత లోపలి పెళ్లిళ్లకే పరిమితమయ్యాయనీ తేలింది. మనం అనాదిగా వేరు వేరు అనుకునే మాట అంత అనాది కాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పది తరాలు వెనక్కి వెళ్తే ఒక మనిషికి 1,024 మంది పూర్వీకుల గడులు ఉంటాయి. తల్లి దారం చెప్పేది అందులో ఒక్కరి గురించి. ఎం2 అన్నది కులం కాదు, భాష కాదు, ఘనత కాదు. ఒకే రెమ్మ కోట ఏలిన దొరలో ఉండొచ్చు, ఆ కోటకు రాళ్లు మోసిన కూలీలోనూ ఉండొచ్చు. "మాది పాత వరుస" అని నేను నలుగురికి చెప్పుకున్న గొప్ప ఉత్త అజ్ఞానం. పక్కింటివాళ్లదీ అంతే పాతది. ఎవరి అవ్వల వరుసైనా మొదటి అవ్వ దాకా పోవలసిందే.

అందుకే ఆ పిల్లవాడి జవాబు నాకు ఇప్పుడు వేరుగా వినిపిస్తోంది. తండ్రుల కథలు చెప్పిన మేమంతా ఎక్కడి నుంచో వచ్చినవాళ్లం. ఓరుగల్లు అన్నాం, కర్నూలు అన్నాం, కోట అన్నాం. తల్లుల కథ చెప్పి ఉంటే మాలో చాలామంది చెప్పవలసిన జవాబు వాడిదే. ఇక్కడంటే డిండి ఒడ్డున ఈ ఊళ్లోనే అని కాదు, ఈ దక్కను నేల మీద, వేల ఏళ్లుగా. వాడు తన ఒక్కడి గురించే చెప్పాడని నవ్వాం. వాడు మా అవ్వల గురించి కూడా చెప్పాడు.

కొన్నేళ్ల కిందట ఎన్నికల డ్యూటీ మీద మన్ననూరు దిక్కు వెళ్లినప్పుడు వాడి పేరు చెప్పి అడిగాను. ఓటు వేయడానికి వచ్చిన ఒక పెద్దావిడ, "ఉన్నడు సారూ, పైన పెంటల ఉన్నడు. తేనెకు పోయిండు" అంది. డ్యూటీ వదిలి కదిలే వీలు లేక తిరిగొచ్చేశాను. వీలు లేకపోవడం ఒక్కటే కారణం కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎదురుపడితే ఏమనాలో తెలియలేదు.

కమిటీ మిత్రులకు రెండు మనవులు. ఒకటి, మీరు తయారు చేసిన "చిరునామా దొరకని పూర్వ విద్యార్థులు" జాబితాలో వాడి పేరు చూశాను. చిరునామా దొరకకపోలేదు, మనం వెతకలేదు. ఆ పెంటలో ఫోన్ కలవదు, ఉత్తరం చేరదు. ఆహ్వాన పత్రిక నాకివ్వండి, నేనే నడిచి వెళ్లి ఇచ్చి వస్తాను. వాడు రాకపోవచ్చు. రాకపోయినా నేను అడగవలసిన క్షమాపణ ఒకటుంది. రెండు, పూర్వ విద్యార్థుల డైరెక్టరీ కోసం మీరు పంపిన ఫారంలో పేరు, తండ్రి పేరు, బ్యాచ్, ఉద్యోగం అని గడులున్నాయి. తండ్రి పేరు పక్కన తల్లి పేరుకు, అమ్మమ్మ పేరుకు రెండు గడులు చేర్చండి. తెలిసినవాళ్లు రాస్తారు. తెలియనివాళ్లు ఇంటికి ఫోన్ చేసి, పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాస్తారు.

నేను నా ఫారం నింపాను. గడులు లేకపోయినా మార్జిన్‌లో రాశాను. మా అవ్వ పేరు, అమ్మమ్మ పేరు, దాని కింద మేనత్త పేరు, నాయినమ్మ పేరు. ఆ పైన ఒక గీత గీసి "ముసలమ్మ" అని రాశాను.